పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఏరుకోవాలి

ఏలూరు కోర్టులో నాకు గిట్టని పని ఏదైనా ఉందంటే అది కోర్టు గార్డియన్ పని. ఆస్తి దావాలో ఒక పక్షం వారు తమ మంచిచెడ్డలు తాము చూసుకోలేని వారైతే, బుద్ధి ఎదగని వారో, మతి తప్పిన వారో అయితే, వారి తరఫున మాట్లాడటానికి జడ్జిగారు మా వకీళ్ళలో ఎవరినో ఒకరిని వేస్తారు. ఇంట్లో వాళ్ళకు అదే ఆస్తిలో వాటా ఉంటుంది కాబట్టి వాళ్ళను వేయడానికి వీల్లేదు, ఏ సంబంధమూ లేనివాళ్ళు కావాలి. ఆ సంబంధం లేకపోవడాన్ని మా వాళ్ళు మరీ నిష్ఠగా పాటిస్తారు. తాము ఎవరి తరఫున నిలబడ్డారో, కోర్టు భాషలో వార్డు అనే ఆ మనిషి ముఖం కూడా చూడరు. "దావా సంగతులు ఈ గార్డియన్‌కు స్వయంగా తెలియవు, వాది రుజువు చేసుకోవలసినది, మా వార్డు హక్కులు కాపాడవలసినది" అనే నాలుగు ముక్కలు ప్రతి గుమాస్తా కంప్యూటరులోనూ సిద్ధంగా ఉంటాయి. పేరు మార్చి సంతకం పెడితే బాధ్యత తీరిపోతుంది. తద్దినం మంత్రాలు కూడా ఇంతకంటే శ్రద్ధగా చదువుతారు. మాది పౌరోహిత్యం చేసిన ఇల్లు కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

ఈ కేసు వచ్చినప్పుడు కూడా మా గుమాస్తా ఆ నాలుగు ముక్కలూ ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టేశాడు. ఆ సాయంత్రం అక్కగారు రాకపోతే నేనూ సంతకం పెట్టేసేదాన్నేమో.

అక్కగారంటే దావా వేసినావిడ. తాడేపల్లిగూడెంలో టీచరుగా చేసి రిటైరయ్యారు, భర్త లేరు. ఆవిడకు ఒక అన్న, ఒక తమ్ముడు. అన్నగారిని పెద్దాయన అందాం. ఆయన కొల్లేటి ఒడ్డున సొంత ఊళ్ళోనే ఉండి చేపల చెరువు చూసుకుంటారు. తమ్ముడు చిన్నాయన. యాభైకి దగ్గర పడుతున్నారు గానీ పసితనంలో వచ్చిన జ్వరంతో బుద్ధి ఎదుగుదల ఆగిపోయింది. తండ్రి ఉన్నంత కాలం ఆయన వెంటే చెరువు గట్టు మీద తిరిగారు. తండ్రి పోయాక అన్నకూ చెల్లెలికీ మాటా మాటా వచ్చింది. అక్కగారు తమ్ముణ్ణి గూడెం తీసుకొచ్చేసి, ఆస్తి ముగ్గురికీ పంచమని కోర్టుకెక్కారు. చిన్నాయన వాటా మీద ఎదుటివాళ్ళకు కన్నుందని ఇద్దరికీ అనుమానం. అందుకే జడ్జిగారు ఇద్దరినీ కాదని నన్ను వేశారు. చిన్నాయనకు హద్దులతో సహా తనదంటూ ఒక వాటా దక్కుతుందా, లేక జీవితమంతా ఒకరి పంచన పడి ఉండాలా అన్నదే దావాలో అసలు సంగతి.

అక్కగారు నా గదిలోకి వచ్చి కూర్చోకుండానే అడిగారు.

"మావాణ్ణి చూడకుండానే మావాడి తరఫున మాట్లాడేస్తారాండీ?"

నాకు కోపం త్వరగా వస్తుంది. వాయిదాకు తీసుకురండి, అక్కడ చూస్తాను అన్నాను. ఆవిడకు నాకంటే త్వరగా వస్తుందని అప్పుడు తెలిసింది.

"కోర్టులో మనిషి కనపడడండీ. బల్ల మీద కూర్చోబెట్టిన మూట కనపడుతుంది."

ఆ ఆదివారం బస్సెక్కి గూడెం వెళ్ళాను.

వాళ్ళ నాన్నగారి నాటి ఇల్లు, రోడ్డు మీదే. ముందు రెండు కొట్లు, ఒకటి జిరాక్సు షాపు, ఒకటి టైలరుది. రెండింటి మధ్య సందులోంచి వెనక్కి వెళితే ఇల్లు. చిన్నాయన నూనె పెట్టి తల దువ్వుకుని, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని నిలబడి ఉన్నారు. నేను కూర్చున్నాక, అక్కగారు కూర్చున్నాక, అప్పుడు కూర్చున్నారు. నేను అక్కగారిని అడగడం మొదలుపెట్టాను. సొంతంగా స్నానం చేస్తారా, కొట్టుకు వెళ్ళి సరుకు తెస్తారా, కోపం వస్తే ఏం చేస్తారు, ఇలాగ. కాసేపు విని ఆయన చాలా మర్యాదగా అన్నారు.

"నేనిక్కడే ఉన్నానండి."

కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాను. సిగ్గుపడ్డాను కూడా. చిన్నాయనను ఎదురుగా పెట్టుకుని "వాడు" అనడం ఆ ఇంటి అలవాటు, ప్రేమతోనే అంటారు. నేను వకీలునై ఉండి అదే బాటలో నడిచాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీరు కోర్టు లాయరా, నా లాయరా అని అడిగారు. కోర్టు నన్ను మీకు లాయరుగా పెట్టిందండి అన్నాను.

"అయితే కోర్టు చెప్పింది చెప్తారా, నేను చెప్పింది చెప్తారా?"

ఈ ప్రశ్న నన్ను బుద్ధి బాగా ఎదిగిన క్లయింట్లు ఒక్కరూ అడగలేదు. ఆలోచించుకుని, మీరు చెప్పింది చెప్తాను, అది మీకు నష్టమనిపిస్తే ఆ మాటా జడ్జిగారికి చెప్తాను అన్నాను. ఆయనకు అది సబబుగానే తోచినట్టుంది, తలూపారు. మీకేం కావాలండీ అంటే ఠక్కున, చెరువుకెళ్ళాలి అన్నారు. తండ్రితో పడవలో తిరిగిన సంగతి, చేపలకు తవుడు సంచులు కట్టిన సంగతి చెబుతూ ఉంటే అక్కగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చి ఆవిడ నిజం చెప్పారు. అన్నయ్య ఆస్తి తింటాడని కాదు నా భయం, వీడు అక్కడికి వెళ్తే మళ్ళీ నా దగ్గరికి రాడేమో అని భయం అన్నారు. భర్త పోయాక ఆ ఇంట్లో తనతో మాట్లాడే మనిషి ఆయనొక్కరే. దావా కాగితాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. ఉండదు కూడా.

తర్వాత వాయిదాలో పెద్దాయనను చూశాను. కోర్టు వరండాలో స్తంభం దగ్గర నిలబడి, తెల్ల చొక్కా జేబులో రుమాలు, చేతిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం. చిన్నాయన అక్క పక్కనుంచి లేచి తిన్నగా వెళ్ళి అన్న పక్కన నిలబడ్డారు. పెద్దాయన కాయలు ఒలవడం, చిన్నాయన తినడం. అక్కగారు దూరం నుంచి చూస్తున్నారు, మొహం కందగడ్డలా ఉంది. నేను ఊరుకుంటానా? వెళ్ళి, దావా నడుస్తుండగా నా వార్డును మంచి చేసుకోవడం చట్టరీత్యా తప్పని, జడ్జిగారి దృష్టికి తెస్తానని దులిపేశాను. పెద్దాయన నొచ్చుకోలేదు. పొట్లం జేబులో పెట్టుకుని, "ఆయ్, అలాగేనండి" అన్నారు. గోదావరి జిల్లాల మర్యాదతో ఇదే చిక్కు. మనం ఎంత కోపంగా ఉన్నా ఎదుటివాళ్ళు పట్టు దొరకనివ్వరు.

విచారణలో పెద్దాయన వకీలు గట్టిగా వాదించాడు. చిన్నాయనకు ఏమీ తెలియదు, పొలం అంటే తెలియదు, వాటా అంటే తెలియదు, అన్నగారు జీవితాంతం తిండీ బట్టా చూసుకుంటారు, విడిగా వాటా రాస్తే పాడైపోతుంది అని. నేను జడ్జిగారిని ఒకటే కోరాను, ఏం తెలుసో ఆయననే అడగమని. జడ్జిగారు చిన్న వయసువారు, ఓపిక ఉన్నవారు. చిన్నాయనను దగ్గరికి పిలిచి, వాటా అంటే ఏమిటండీ అని అడిగారు. ఆ దావాలో చిన్నాయనను "మీరు" అన్నది నేనూ జడ్జిగారే.

"అందరికీ పెట్టేదండి," అన్నారు చిన్నాయన.

చట్టం పుస్తకాల్లో ఇంతకంటే పొడుగ్గా ఉంటుంది గానీ ఇంతకంటే స్పష్టంగా ఉండదు. తన ఆస్తి తాను చూసుకోగల శక్తి ఆయనకు లేదని డాక్టర్ల కాగితం చెప్పింది, అది నిజమే. దానర్థం వాటా అక్కర్లేదని కాదు అన్నారు జడ్జిగారు. ముగ్గురికీ మూడు వాటాలు తప్పవు, ఎవరికి ఏది అన్నది మీరే కూర్చుని రాజీకి రండి, గార్డియన్ ఒప్పుకుంటే, చిన్నాయనకు మేలని నాకు తోస్తే ఖాయం చేస్తాను అని లోక్ అదాలత్‌కు పంపారు.

అక్కడే పెద్దాయన నాకు దొరికిపోయారు.

పంపకం ఎవరు చేయాలన్న ప్రసక్తి రాగానే, కోర్టు కమిషనరూ వద్దు, సర్వేయరూ వద్దు, మా ఇంట్లో పెద్దవాడే పంచుతాడండి, మా నాన్నగారూ బాబాయిలూ అలాగే పంచుకున్నారు, అది మా ఆచారం అన్నారు. ఆ సంగతి తన జవాబు దావాలో కూడా రాయించారు. మూడు భాగాలు అప్పటికే గీయించి తెచ్చారు. ఒకటి చెరువు మొత్తం. ఒకటి గూడెం ఇల్లు, కొట్లతో సహా. మూడోది ఉంగుటూరు వైపున్న మాగాణి, దానితో పాటు ఊళ్ళో పాత ఇల్లు. రిజిస్ట్రారు ఆఫీసు రేట్ల ప్రకారం మూడూ సమానమేనని లెక్క. ఆ మాగాణి కాలువ చిట్టచివర ఉంటుంది. పైవాళ్ళందరి చేలూ తడిసి, గట్లు తెగి, అప్పుడు వస్తాయి నీళ్ళు, అదీ వస్తే. ఎవరికి ఏది అనుకున్నారో అడగక్కర్లేదు. తాను చెరువు, చెల్లెలికి తానుంటున్న ఇల్లు, కాలువ చివరి పొలం చిన్నాయనకు.

నేను చాలా వినయంగా అన్నాను.

"పెద్దవారు పంచాలన్నారు, చాలా సంతోషమండీ. మరి మీ ఆచారంలో ముందు ఏరుకునేది చిన్నవారు కదండీ?"

పెద్దాయన మొహంలో రంగు మారింది. మా వైపు ఈ సంగతి తెలియని ఇల్లు ఉండదు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఏరుకోవాలి. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు చచ్చినట్టు సమానంగా పంచుతాడు. మనుషుల్ని నమ్మకుండానే న్యాయం జరిపించే ఉపాయం అది. పెద్దాయనకూ అది తెలుసు. కాకపోతే తన తమ్ముడు ఏరుకోగల మనిషి అని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. అందుకని ఆచారంలో సగం మాత్రమే రాయించారు. ఆయన వకీలు లేచి, బుద్ధి ఎదగనివాడు ఎలా ఏరుకుంటాడు అన్నాడు. అందుకే కదండీ కోర్టు నన్ను పెట్టింది అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెసరట్టు నాకు మహా రుచిగా ఉంది.

నేను చెరువు ఏరుకుంటే పెద్దాయన బతుకుతెరువు పోతుంది. ఇల్లు ఏరుకుంటే అక్కగారు రోడ్డున పడతారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అప్పటినుంచి నా మీద ప్రేమ పొంగి పొర్లింది. పెద్దాయన ఎవరో ఆటో అతని చేత మా ఇంటికి తడి గోనె సంచి పంపారు. మా అత్తగారు మడి కట్టుకుని ఉన్నారు. సంచి మూతి విప్పగానే బతికున్న కొర్రమీను ఒకటి ఎగిరి వంటింటి గడపలో పడింది. కొల్లేటి వాళ్ళకు కొర్రమీనుకు మించిన గౌరవం లేదు, ఆయన నన్ను గౌరవించారంతే, మేము ఏం తింటామో ఆయనకు తట్టలేదు. మా అత్తగారు ఇల్లంతా కడిగించి, వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. అక్కగారూ తక్కువ తినలేదు, పెద్ద జాడీతో ఆవకాయ తెచ్చారు. చేపను అదే ఆటోలో, జాడీని ఆవిడతోనే బస్సులో వెనక్కి పంపాను. జాడీ పంపేటప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఇక నేను ఏది ఏరుకోవాలి? విలువ చూస్తే చెరువు. అందులో అనుమానం లేదు. కానీ చిన్నాయనకు మాటిచ్చాను, మీరు చెప్పిందే చెప్తానని. చూడకుండా ఎవరూ ఏరుకోలేరు. మూడు భాగాలూ ఆయనకు చూపించాలని జడ్జిగారి దగ్గర అనుమతి తీసుకున్నాను. గూడెం ఇల్లు ఆయన ఉంటున్నదే. మాగాణికి వెళితే గట్టు మీద నిలబడి, ఎవరూ లేరేంటండి ఇక్కడ అన్నారు. అంతకుమించి అక్కడ చూడటానికి ఏమీ లేకపోయింది.

చెరువుకు అక్కగారు కూడా వచ్చారు. రానన్నారు, మళ్ళీ ఆటో కదులుతుంటే ఎక్కారు. ఏలూరు నుంచి కొల్లేటి దారి పట్టాక రెండు వైపులా చెరువులే, గట్ల మీద కొబ్బరి మొక్కలు, తాడు మీద ఆరేసిన వలలు. ఎక్కడ చూసినా కొంగలు, గూడబాతులు. చేప పిల్లల్ని తినేస్తాయని చెరువుల వాళ్ళు తిట్టుకుంటారు గానీ నాకు ఆ పక్షుల్ని చూస్తే హాయిగా ఉంటుంది. పెద్దాయన చెరువు మధ్య పడవలో ఉన్నారు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు వరసగా కడుతున్నారు. తమ్ముణ్ణి చూసి పడవ ఒడ్డుకు తెచ్చారు. ఎక్కమని అనలేదు. నా వైపు చూశారు. వరండాలో నేను పెట్టిన చీవాట్లు గుర్తున్నాయని అర్థమైంది. ఎక్కమనండి, చూడటానికే వచ్చాం అన్నాను.

చిన్నాయన పడవలో ముందు కూర్చుని సంచి అందిస్తే పెద్దాయన కడుతున్నారు. ఒక సంచి చేయి జారి నీళ్ళలో పడింది. పెద్దాయన కోప్పడతారని చూశాను. ఆయన వంగి తీసుకుని, నీళ్ళు ఓడుతున్న సంచిని తమ్ముడి చేతికే మళ్ళీ ఇచ్చి, మళ్ళీ అందించమన్నారు. అక్కగారు గట్టు మీద చెప్పులు విప్పి కూర్చుని అదే చూస్తున్నారు. చిన్నప్పుడు అన్నయ్య వీణ్ణి భుజం మీద ఎక్కించుకుని బడికి తెచ్చేవాడండీ, మేష్టారు చేర్చుకోనంటే రోజూ తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టేవాడు అన్నారు. తిరుగు ప్రయాణంలో చిన్నాయన కిక్కురుమనకుండా ఆటో ఎక్కారు. ఆవిడ భయపడినట్టు అక్కడే ఉంటానని మొరాయించలేదు. ఆటో ఏలూరు చేరేదాకా ఆవిడ తమ్ముడి చెయ్యి వదల్లేదు.

అసలు రోజు వచ్చింది. జడ్జిగారి గదిలో బల్ల మీద మూడు ప్లాన్లు పరిచారు. చెరువుకు చేప బొమ్మ, ఇంటికి ఇంటి బొమ్మ, పొలానికి వరి బొమ్మ నేనే గీయించాను. చిన్నాయనను ముందుకు రమ్మని, ఇందులో మీకు ఏది కావాలో చెప్పండి, ఇవాళ ముందు అడిగేది మిమ్మల్నే అన్నారు జడ్జిగారు. చేప బొమ్మ మీద చెయ్యి వేస్తారని నేను గట్టిగా నమ్మాను. పెద్దాయన కూడా అదే నమ్మినట్టున్నారు, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

చిన్నాయన మూడు బొమ్మలూ చూశారు. వెనక్కి తిరిగి, "అన్నయ్యా, నీదేది?" అని అడిగారు.

నాది ఇంకా లేదురా, నువ్వు తీసుకున్నాకే అన్నారు పెద్దాయన. అక్కదేదని అడిగితే ఆవిడా అదే చెప్పారు. చిన్నాయనకు అది బొత్తిగా నచ్చలేదు. చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు.

"ముందు వాళ్ళిద్దరికీ ఇవ్వండి. మిగిలింది నాదండి."

నా కోపం నషాళానికి అంటింది. ఎవరి మీదో తెలియదు. ఇన్ని నెలలు పోరాడి ముందు వరస సంపాదించి పెడితే ఈ మహానుభావుడు వెళ్ళి కడబంతిలో కూర్చున్నాడు. మిగిలేది ఏదో నాకు తెలుసు. కాలువ చివరి పొలం. లేచి నిలబడ్డాను. నా వార్డు మాట ఇదేనండి, ఆయన చెప్పమన్నట్టే చెప్తున్నాను, గార్డియన్‌గా దీనికి నేను ససేమిరా ఒప్పుకోను, అది కూడా ఆయనకు చెప్పే ఉన్నాను అన్నాను. గొంతు కొంచెం ఎక్కువే లేచింది. జడ్జిగారు తల పట్టుకోలేదు గానీ పట్టుకుందామా అని ఆలోచించారు.

అప్పుడు పెద్దాయన ముందుకు వచ్చి, బల్ల మీది మూడు కాగితాలూ ఒక్కొక్కటే తీసి మడతపెట్టారు.

"మిగిలేది వాడిదైతే నేను మళ్ళీ పంచాలండి."

జడ్జిగారు వాయిదా వేశారు. బయటికి వచ్చాక బెంచి గుమాస్తా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదండి అన్నాడు. ఆ సామెత మేము ఎప్పుడూ వెటకారానికే వాడతాం, ఆఫీసుల్లో సిఫారసుల గురించి. ఆ వరండాలో మాత్రం నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

తర్వాతి సంగతులు ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే అవి మామూలువి. చిన్నాయన గూడెంలో అక్క దగ్గరే ఉంటున్నారు. చెరువు పట్టుబడికి, అంటే చేపలు పట్టే రోజులకు, కొల్లేరు వెళ్తారు, అక్కగారూ వెళ్తారు, చేపల వాసన పడదని సణుగుతూనే. ఆయన వాటాను ఎవరూ అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి లేకుండా కోర్టు ఉత్తర్వు ఉంది. నేనప్పుడప్పుడు వెళ్ళి చూసి వస్తుంటాను. వెళ్ళినప్పుడు ఇప్పుడు ఆవకాయ తీసుకుంటున్నాను, కేసు అయిపోయింది కాబట్టి.

ఆ తర్వాత వచ్చిన వాయిదా రోజు మాత్రం నాకు ఇంకోలా గుర్తుంది. పెద్దాయన కొత్త ప్లాన్లు తెచ్చారు. చెరువును నడిమికి గట్టు వేసి రెండు చేశారు. గూడెం ఇంటి నుంచి ముందు కొట్లు విడదీశారు. మాగాణిని మూడు ముక్కలు చేసి ఒక్కో భాగానికి ఒక్కోటి కలిపారు, నీళ్ళు రాని బాధ ముగ్గురికీ సమానంగా ఉండేట్టు. ఊళ్ళో పాత ఇల్లు అటు తిప్పి ఇటు తిప్పి ఒకదానికి చేర్చారు. నేను కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. మూడింటిలో ఏది నాసిదో పట్టుకోవడమే నా ఉద్యోగం. ఒకటికి రెండుసార్లు చూశాను. అక్కగారూ నా భుజం మీదుగా వంగి చూశారు. దొరకలేదు. చివరికి పెద్దాయననే అడిగేశాను, వీటిలో మీరైతే ఏది కోరుకుంటారండీ అని.

"తెలియట్లేదండి," అన్నారాయన. "అలా తెలియకుండా ఉండేదాకా చెరిపి గీసేనండి."

మొదట అక్కగారు ఇంటి భాగం తీసుకున్నారు. పెద్దాయన చెరువు ఉత్తరపు సగం, పాత ఇల్లు ఉన్నది తీసుకున్నారు. బల్ల మీద ఒక్క కాగితం మిగిలింది. దక్షిణపు సగం చెరువు, దాని గట్టు మీది కాపలా పాక, గూడెం కొట్లు రెండూ, మాగాణిలో ఒక ముక్క. అభ్యంతరమా అని జడ్జిగారు నన్ను అడిగారు. లేదండీ అన్నాను. మీకు ఇష్టమేనా అని ఆయన చిన్నాయనను అడిగారు.

చిన్నాయన ముందు అన్న వైపు తిరిగి, తర్వాత అక్క వైపు తిరిగి, మీకు వచ్చేయా అని అడిగారు. మాకు వచ్చేయిరా అన్నారు ఇద్దరూ, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకే మాట మీద.

"అయితే నాది ఇచ్చేయండి," అని చెయ్యి చాచారు.